మసి పట్టిన నిమ్మ మొక్కలు

తమ్ముడికి,

ఇక్కడ మేం క్షేమమని రాస్తే నిమ్మ మొక్కలు నవ్వుతాయి.

"బూజు ఆపడం నీకు చేతకాదు" అని నువ్వన్నావు, "అయితే నీ దారి నువ్వు చూసుకో" అని నేనన్నాను. నువ్వు అలిగి అత్త ఇంటికి వెళ్లిన దగ్గర్నుంచి నర్సరీలో ఆకులు తుడవడమే నా బతుకైంది. తడిగుడ్డతో మసిలాంటి ఆ బూజు తుడిచి మందు కొడతాను. వారం తిరక్కముందే ఆకులు మళ్లీ గిన్నె అడుగులా నల్లబడతాయి. కొనేవాళ్లు గేటు దగ్గర నుంచే చూసి వెళ్లిపోతున్నారు. చేతులు లాగేస్తున్నాయిరా.

మన పోట్లాట పడలేక నాన్న అప్పట్లోనే పని పంచిపెట్టాడు కదా, పురుగు నీది, బూజు నాది అని. అందుకే నేనెప్పుడూ మసి పట్టిన ఆకు పైభాగమే చూశాను. నిన్న తుడుస్తుంటే గుడ్డ వేళ్లకు అతుక్కుంది. పై కొమ్మ ఆకు తిరగేస్తే అడుగున పేనుబంక, దాని చుట్టూ చీమలు. ఆ పురుగులు రసం పీల్చి తీపి బంక కారుస్తున్నాయి. అది కింది ఆకుల మీద పడితే, దాన్ని తినే నా బూజు పెరుగుతోంది. నేను తుడిచేకొద్దీ అవి వడ్డిస్తున్నాయి.

నాన్నకు చూపించాను. ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, "మీకైతే పంచాను గానీ, ఆ సంగతి వాటికి చెప్పలేదమ్మా" అన్నాడు.

నీ పురుగుమందు పంపు మేకుకే వేలాడుతోంది. కొట్టడం రాక కాదు. నేనే కొట్టేస్తే, ఇక నాతో పనేముందిలే అని నువ్వు అక్కడే ఉండిపోతావేమోనని ముట్టుకోలేదు.

అక్క