బండి చప్పుడు

కాగజ్‌నగర్, గురువారం

మిలిటరీ లారీకి ఇవాళ్టితో రోగం వదిలింది. నాగపూర్ పాతసామాన్ల బజారు నుంచి తెప్పించిన డీజిల్ పంపు బిగించి, మెకానిక్ ఖదీర్ భాయ్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఇగ ఫికర్ లేదక్కా, ఏడాది దాంక దీని ముచ్చటే రాదు."

సంతోషించాల్సింది పోయి దిగులేసింది.

ఆర్మీ వేలంలో మా ఆయన మనసుపడి కొన్న బండి. పైన నీలం రంగు వేయించినా, గీసుకుపోయిన చోటల్లా పాత పచ్చరంగు బయటపడుతుంది. ఆయన సౌదీ పోయినప్పటి నుంచి జామాయిల్ కట్టెలు తోలే కిరాయిలు నేనే చూసుకుంటున్నాను. బండి మొరాయిస్తే ఆయనకు ఫోన్ చేస్తాను. ఇంజన్ దగ్గర ఫోన్ పెట్టించి, చప్పుడు విని రోగం చెబుతాడు. ఆ రోజు గంటసేపు మాట్లాడతాడు. బండి బాగున్న రోజు మాత్రం "తిన్నవా? పిల్ల మంచిగున్నదా?" అని రెండు ముక్కలడిగి పెట్టేస్తాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "బండి మంచిగైందా?"

"అయింది గానీ... జర ఏదో సప్పుడు వస్తున్నది" అన్నాను. అంత అబద్ధం నా నోట ఎలా వచ్చిందో!

"ఫోన్ ఇంజన్ కాడ పెట్టు, వింట."

స్టార్ట్ చేసి పెట్టాను. ఇంజన్ ఏ లోపమూ లేకుండా మెత్తగా తిరుగుతోంది. అంత చెవి ఉన్న మనిషికి తెలియదా? తిడతాడేమో అనుకున్నాను.

"అవునే, ఉన్నది సప్పుడు" అన్నాడు చివరికి. "రేపు గూడ పెట్టు, వింట."