టేకు పలకకు రెండో కొస

కరీంనగర్,
సెప్టెంబర్

ప్రియమైన నాయనమ్మకు,

ప్రిస్కిల్లా వందనాలు. నీకు ఫోన్‌లో సరిగ్గా వినబడదు. వినబడితే నాకు నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి రేకుల షెడ్డులో వడ్రంగం మొదలుపెట్టానని బాపు నీకు చెప్పే ఉంటాడు. ఏ గొంతుతో చెప్పి ఉంటాడో కూడా నాకు తెలుసు. క్రిస్మస్ దాకా చూస్తాడట. అప్పటికి ఒక్క పనైనా నిలబెట్టి చూపకపోతే మళ్ళీ చాక్‌పీసు పట్టుకోవాల్సిందే.

పని దొరికింది. మా వీధి గౌహర్ ఆంటీ తమ పాత ఇంటి అటక మీది టేకు పలకలు దింపించి, వాటితో పుస్తకాల బీరువా చెయ్యమంది. ఆ పలకల్లో పాత మేకులు ఎక్కడ విరిగి ఉన్నాయో తెలియదు, బ్లేడు పోతుందని ఏ మిషన్ వాళ్ళూ ముట్టుకోవడం లేదు. చేతిపనే దిక్కు. చెక్కను చిత్రిక పట్టే కొత్త రందాలు కొని చూశాను. ఒక్క పూటకే అంచు మడిచి పడుకున్నాయి.

తాత పనిముట్ల పెట్టె నీ మంచం కింద ఊరికే ఉంది కదా. ఇస్తావా? వచ్చి మోసుకుపోతాను.

నీ ప్రిస్కిల్లా

~

బెల్లంపల్లి,
సెప్టెంబర్

ప్రియమైన ప్రిస్కిల్లాకు,

ఉత్తరం అందింది. మొదటి పేరాలో తప్పులు లేవు కాబట్టి రెండోది కూడా చదివాను.

పెట్టె ఇవ్వను. ఎందుకని అడగకు. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు కారణాలు చెప్పీ చెప్పీ నా దగ్గర ఇప్పుడేమీ మిగల్లేదు.

కావలసినవి కొనుక్కో, కానీ తెలుసుకుని కొనుక్కో. మీ తాత దేవసహాయం బొగ్గుగని వర్క్‌షాపులో వడ్రంగి. సంతలో పాత ఇనప సామాను ముందు కూర్చున్నాడంటే పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఉండేవాడు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. ఆయన చెప్పినవే రాస్తున్నాను.

పాత సామానుకు కొత్త రంగు వేసి ఉంటే దాని జోలికి పోకు, లోపల పగులు ఉంటుంది. తుప్పు పైపైన ఉంటే ఫికర్ లేదు, గుంటలు పడితే వదిలెయ్. రంపాన్ని విల్లులా వంచి వదులు. తిన్నగా లేచి నిలబడితే కొను. వంకరగా నిలబడితే అది మీ చిన్నాయన లాంటిది, ఎంత దువ్వినా బాగుపడదు. ఉలి అంచును రాయి మీద కాస్త రుద్ది చూడు, రెండు రంగులు కనబడాలి. మెత్తటి ఇనుముకు ఉక్కు అతికిన గీత అది. ఆ గీత ఉంటే పాతకాలపు నిజాయితీ పని. ధర అడిగేటప్పుడు మాత్రం ఆముదం తాగిన మొహం పెట్టు.

అన్నట్టు, అక్కడ మంచి నూనె సానరాయి దొరికితే నాకొకటి పంపు. కూరగాయల కత్తి మొద్దుబారింది.

దీవెనలతో,
నాయనమ్మ

~

కరీంనగర్,
అక్టోబర్

ప్రియమైన నాయనమ్మకు,

సానరాయి పంపించాను. అందిందా?

పాత ఇనప సామాను అమ్మే రహమాన్ చాచా కొట్లో నువ్వు చెప్పినట్టే ఆముదం మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన చూసి, "ఏం బేటీ, కడుపుల నొస్తున్నదా? పానీ తాగుతవా?" అన్నాడు. ఇక దాచేదేముంది, నవ్వేశాను. చెక్క ఒళ్ళున్న రందా ఒకటి, ఉలులు రెండు ఇచ్చాడు. ఉలి అంచున నీ రెండు రంగుల గీత కనబడింది నాయనమ్మా! ఎంత సంతోషమైందో.

ఆ సంతోషంలోనే తప్పు చేశాను. తుప్పు పోవాలని, మా అమ్మ ఇత్తడి చెంబులు తోమేముందు చేసినట్టు, అన్నింటినీ చింతపండు నీళ్ళలో నానేశాను. రందాను చెక్కతో సహా. తెల్లారి చూస్తే ఉలులు కాకుల్లా నల్లబడ్డాయి, రందా ఒళ్ళు ఉబ్బి బ్లేడు లోపలే బిగుసుకుపోయింది. చాచాకు చూపిస్తే, "అరె, చింతపులుసు వెట్టినవా? ఉప్పు మర్శినవ్ గదనే!" అని పక్క కొట్ల వాళ్ళను కూడా పిలిచి చూపించాడు.

ఇప్పుడేం చెయ్యాలి? తాత ఉంటే ఏం చేసేవాడు?

నీ ప్రిస్కిల్లా

~

బెల్లంపల్లి,
అక్టోబర్

ప్రియమైన ప్రిస్కిల్లాకు,

తాత ఉంటే ముందు నిన్ను ఆ నీళ్ళలో నానేసేవాడు.

ఇత్తడికి చింతపండు, ఇనుముకు కిరోసిన్, మనిషికి మాట. దేని మందు దానిది. రందాను ఎండలో పెట్టకు, పగులుతుంది. గోనెపట్టాలో చుట్టి నీడన ఒక మూల పడేసి వారం దాకా మర్చిపో. చెక్క తన నీళ్ళు తానే వదులుకుని వస్తుంది. అప్పుడు దాని వెనక కొస మీద చెక్క సుత్తెతో నెమ్మదిగా తట్టు, బ్లేడు వదులవుతుంది. ఆ పైన అవిసె నూనె పట్టించు. ఉలుల నలుపు సంగతి వదిలెయ్. రంగు చూసి పని చెప్పేది మన పెళ్ళిళ్ళ పేరయ్యలే, ఉలులు కాదు.

పదును పట్టాక అంచును కిటికీ వెలుతురులో చూడు. అక్కడ తెల్లటి మెరుపు కనబడితే ఇంకా మొద్దే. పదునైన అంచు కంటికి దొరకదు. వేలు పెట్టి మాత్రం చూడకు. నా బొటనవేలికి కట్టు ఉంది, అందుకే దస్తూరీ ఇలా పాకుతోంది. సొరకాయ తరుగుతుంటే తెగిందిలే.

నువ్వు పంపిన రాయి చాలా మంచిది.

నాయనమ్మ

~

కరీంనగర్,
నవంబర్

ప్రియమైన నాయనమ్మకు,

నువ్వు చెప్పినట్టే రందా బతికింది! అటక మసి కింద టేకు తేనెరంగులో బయటపడుతుంటే గౌహర్ ఆంటీ కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

కానీ తలుపు చట్రంలో పలక కూర్చోవాలంటే అంచు పొడుగునా గాడి పడాలి. దానికి గాడి రందా కావాలి. సన్నగా ఉందని చాచా కొట్లో ఒకటి తెచ్చాను. తోసి చూస్తే గాడి పడలేదు, అంచు గుండ్రమైంది. అడుగు తిప్పి చూడకుండా కొన్నాను. ఒక కర్ర పాడైంది. గాడి రందా మొత్తం కరీంనగర్‌లో దొరకడం లేదు, క్రిస్మస్ దగ్గర పడుతోంది.

ఇంకొక మాట. నీ ఉత్తరం మడత విప్పితే ఉంగరంలా చుట్టుకున్న టేకు పొర ఒకటి ఒళ్ళో రాలింది. అది తాజా రందా పొర. నాకిప్పుడు ఆ మాత్రం తెలుసు. అంటే నాకు ఇవ్వని పెట్టెను ఇంకెవరికో ఇచ్చావు. అడిగిన నన్ను పరాయిదాన్ని చేసి, ఎవరికిచ్చావు నాయనమ్మా? వచ్చే వారం వస్తున్నాను. ఆ మనిషెవరో చూస్తాను. గాడి రందా తెచ్చుకుంటాను.

ప్రిస్కిల్లా

~

బెల్లంపల్లి,
నవంబర్

ప్రియమైన ప్రిస్కిల్లాకు,

రావద్దు. ఆదివారం మా చర్చిలో కోత పండుగ. అది అయ్యాక రాస్తాను. ఆ గుండ్రం రందాను అలిగి పారెయ్యకు, బీరువా పై అంచు తిప్పడానికి పనికొస్తుంది.

నాయనమ్మ

~

కరీంనగర్,
నవంబర్

నాయనమ్మకు,

రాను. కానీ ఆ మనిషి పేరు రాయి.

ప్రిస్కిల్లా

~

బెల్లంపల్లి,
నవంబర్

ప్రియమైన ప్రిస్కిల్లాకు,

ఆ మనిషి పేరు మగ్దలేనమ్మ. రిటైరైన తెలుగు టీచరు, మోకాళ్ళ నొప్పులు, నోరు మంచిది కాదు. నువ్వు ఎరిగిన మనిషే. సొరకాయ అంటే నాకు పడదని తెలిసి కూడా ఆ మాట నమ్మావు చూడు, అదే నాకు ఆశ్చర్యం.

కోత పండుగకు ఎవరి కష్టఫలం వాళ్ళు చర్చికి తెస్తే ఆరాధన అయ్యాక వేలం వేస్తారు కదా. తాత చనిపోయిన ఏడు, ఆయన పండుగకు ఇస్తానన్న స్టూలు సగంలో ఉంది. మాట ఆయనది, కాళ్ళు నేను బిగించాను. పాస్టరయ్య "దేవసహాయం గారి స్టూలు" అని ఎత్తి పట్టగానే జనం పోటీపడి వేలం పాడారు. మరుసటి ఏడు "ఇంకొకటి ఉన్నదా అమ్మా?" అని అడిగారు. ఉందన్నాను. అప్పటికి చేసేశాను మరి. అప్పట్నుంచి మీ తాత ఏడాదికో స్టూలు చేస్తూనే ఉన్నాడు. పరలోకానికి పోయి కూడా ఇంత కష్టపడే మనిషి బెల్లంపల్లిలో ఇంకొకరు లేరు.

లేని మూడో మనిషిని నువ్వు పుట్టించి అలిగావు. అందుకని మొన్న ఆదివారం పాస్టరయ్య స్టూలు ఎత్తగానే లేచి నిలబడి, "పేరు ఆయనది, చెయ్యి నాది" అన్నాను. మొదట తేరుకున్నది పాటల బృందం మంజుల.

"ఏందత్తా! మా ఇంట్ల స్టూలుకు ఓ కాలు పొట్టిగున్నది. పెద్దాయన యాదికని నోరు మూసుకొని ఊగుకుంట కూసుంటున్న. నువ్వు చేసినవా? రేపే వచ్చి సరిచెయ్యి!"

వేలం చూడ వచ్చిన చాయ్ హోటల్ హనుమంతు అందుకున్నాడు. "నా స్టూలుకు మేకు మొన తేలింది టీచరమ్మా! కూసున్నప్పుడల్ల ధోతి చినుగుతది. పుణ్యాత్ముని సామానని దండం వెట్టుకుంట లేస్తున్న!"

చచ్చిపోయిన వడ్రంగి మీద ఒక్క ఫిర్యాదు లేదు. బతికున్నదాని మీద వరస కట్టారు. వేలం పాట కూడా పడిపోయింది. కానీ బయట చెప్పులు వేసుకుంటుంటే ఇద్దరు పీటలు అడిగారు, పాస్టరయ్య వాక్యం చెప్పేటప్పుడు ముందుండే పొడుగు బల్ల అడిగాడు. పొగరుకొద్దీ ఒప్పుకున్నాను. ఇరుక్కున్నది అక్కడే.

ఇన్నేళ్ళూ స్టూళ్ళే ఎందుకు చేశానో ఒక్కరూ అడగలేదు. పొడుగు పలకకు రందా పట్టాలంటే రెండో కొసను ఒక మనిషి పట్టుకుని కూర్చోవాలి. తాత ఉన్నంతకాలం ఆ కొస నాది. బడి నుంచి వచ్చి, పిల్లల పరీక్ష కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, పలక పట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన చేతులు చూస్తూ చూస్తూ చాలామంది పిల్లలకు ఎక్కువ మార్కులు వేశాను. పని అలా వచ్చింది. ఆయన పోయాక పట్టేవాళ్ళు లేక, ఒక్కదాని ఒళ్ళో ఇమిడే స్టూళ్ళతోనే సరిపెట్టుకున్నాను.

మీ బాపుకు కూడా చెప్పాను. "అవ్వా, నువ్వు గూడనా?" అన్నాడు. "ముందుగాల నేనేరా జేమ్సూ, నీ బిడ్డ నా ఎనుక వచ్చింది. గడువు వెట్టేదుంటే నాకు వెట్టు" అన్నాను. క్రిస్మస్ మాట మళ్ళీ ఎత్తలేదు. అయినా బీరువా క్రిస్మస్‌కు నిలబడాలి, అది మన పరువు.

పెట్టె ఇవ్వనన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. పెట్టె నాతో వస్తుంది, నాతోనే పోతుంది. బుధవారం మంచిర్యాలలో బస్సు మారి మధ్యాహ్నానికి దిగుతాను, స్టాండుకు వచ్చి మొయ్యి. గాడి రందా పొద్దున నీది, భోజనాల తర్వాత నాది. కిటికీ పక్క జాగా ఖాళీ చేసి పెట్టు. చింతపండు నా కంటికి కనబడకూడదు.

ముందు నీ బీరువా పలకలు, తర్వాత నా బల్ల. నువ్వు రందా పట్టు. రెండో కొస పట్టుకోవడం నాకు బాగా వచ్చు.

నీ నాయనమ్మ,
మగ్దలేనమ్మ, వడ్రంగి