బావగారు నాతో మాట్లాడారు

నవంబర్ 4
మంగ్లు బావగారిని అరకు నుంచి మా ఆస్పత్రికే తీసుకొచ్చారు. నా మొగుడు ఫల్గుణకి అన్న ఈయన. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం పూడుకుపోయింది. ఆయన భార్య, మా అక్క, వరండాలో కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పోయినేడాది ఘాట్ రోడ్డులో బండి పడి ఫల్గుణ పోయినప్పట్నుంచీ దేనికీ ఏమీ అనిపించట్లేదు. కేస్ షీట్ రాసి ఇంటికొచ్చి పడుకున్నాను.

నవంబర్ 6
ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇవ్వరట. మెడ ఒక్కటే మొద్దుబారుస్తారు. నాళానికి క్లాంప్ బిగించి రక్తం ఆపాక మెదడుకి రక్తం చాలుతోందో లేదో తెలియాలంటే పేషెంట్ మాట్లాడుతూ ఉండాలి, చేతిలో రబ్బరు బాతు నొక్కుతూ ఉండాలి. తేడా వస్తే షంట్ వేస్తారు. సన్నటి గొట్టం. రక్తం దాంట్లోంచి పైకి పోతుంది.

బావగారికి తెలుగు సంతలో బేరానికి సరిపడా వచ్చు, అంతే. ఆస్పత్రిలో మా కువి భాష తెలిసిన నర్సుని నేనొక్కదాన్నే. నువ్వే మాట్లాడించాలి స్వర్ణా అన్నారు అనస్థీషియా డాక్టర్ దుర్గాప్రసాద్ గారు. మావాళ్ళలో తమ్ముడి పెళ్ళాంతో మాట్లాడరు సార్ అన్నాను. ఆపరేషన్ థియేటర్లో కూడానా అని నవ్వారు.

పెళ్ళయ్యాక ఒక్క మాట లేదు. ఫల్గుణని ఇంటికి తెచ్చిన రోజు కూడా, నాకు చెప్పాల్సింది గుంజకి చెప్పారు. నేను విన్నాను.

నవంబర్ 7
రిహార్సల్. కొండ మీద ఈసారి ఏం వేశారు అనడిగాను. బావగారు తల తిప్పి, సామలు, అని గోడకి చెప్పారు. సార్ పర్వాలేదన్నారు. సిగ్గుతో సచ్చిపోతాడే గుంటా, నరంతో కాదు అంది అక్క.

నవంబర్ 8
డ్యూటీ. ఇడ్లీ తిన్నట్టున్నాను.

నవంబర్ 9
క్లాంప్ పెట్టారు. నేను కువిలో అడుగుతున్నాను, ఆయన పైన లైటుకి జవాబు చెప్తున్నారు. బాతు కూస్తోంది.

కాసేపటికి బావగారు కళ్ళు తిప్పి నన్ను చూశారు. సూటిగా. అమ్మా, ఫల్గుణ ఇంటికొచ్చాడా, బండి చప్పుడు వినపడలేదు అన్నారు.

దుర్గాప్రసాద్ గారు, గుడ్, బాగా మాట్లాడుతున్నాడు అన్నారు. బాతు ఇంకా కూస్తూనే ఉంది.

వచ్చాడు అన్నాను.

వెంటనే, సార్, ఈయన ఈయన కాదు, మతి తప్పింది, నాతో మాట్లాడుతున్నారు అన్నాను. సార్ నన్ను ఒకసారి చూసి, షంట్ వేయమని సర్జన్‌తో చెప్పారు. వేశారు. బావగారి కళ్ళు నన్ను వదిలి లైటు మీదకి పోయాయి. ఏం అడిగినా పలకలేదు. సార్ కంగారు పడ్డారు. లేదు సార్, ఇప్పుడు బాగున్నారు, సిగ్గుపడుతున్నారు అన్నాను. సార్ సైగ చేస్తే బావగారు బాతు నొక్కారు.

రక్తం మళ్ళీ వెళ్ళింది. ఆ తలలో ఒక్కచోట ఫల్గుణ ఉన్నాడు. మళ్ళీ పోయాడు. చెప్పకపోతే బావగారు పోయేవారు. తెలుసు. అయినా నాకు కడుపులో నొప్పిగా ఉంది. ఏడాదిలో ఇదే మొదటిసారి.

నవంబర్ 13
డిశ్చార్జ్. అక్క బండి కోసం వెళ్ళింది. నేను టాబ్లెట్లు సర్దుతున్నాను. బావగారు గోడ వైపు తిరిగి, ఆ పూట వాడు వచ్చాడంది, నాకు బాగుంది అన్నారు.

అన్నం తిని పడుకున్నాడు, అని నేనూ గోడకే చెప్పాను.