ఫ్రిజ్ మాదేనన్నాను

9 సెప్టెంబర్ 2008

కింద ఓనరు సీతాబాయమ్మ ఇంటికి సున్నాలు వేయిస్తోంది. ఆమె ఫ్రిజ్, సోఫా తెచ్చి మా రేకుల గదిలో పెట్టారు. గదిలో ముగ్గురం. నేను, ఆయన, ఆయన చెల్లెలు సుష్మిత. ఎం.సి.ఏ. చదువుతోంది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌కు కట్టలేక మా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు తను ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య పడుకోవాలి.

11 సెప్టెంబర్, మధ్యాహ్నం

సుష్మిత స్కాలర్‌షిప్ ఎంక్వైరీకని ఒక సారు వచ్చాడు. తను కాలేజీలో ఉంది. మా ఆయన అమీర్‌పేటలో జిరాక్స్ షాపు పనికి వెళ్లారు. పాత నైటీ మీద టవల్ కప్పుకొని తలుపు తీశాను. నన్ను మేడం అన్నాడు. నన్నెవరూ అట్లా పిలవలేదు. సోఫాలో కూర్చోమన్నాను. ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్లిచ్చాను. ఫ్రిజ్ మీదేనా అన్నాడు. మాదే సార్ అన్నాను. మీ ఆయన ఏం చేస్తారంటే జిరాక్స్ షాపు ఉందన్నాను. ఇల్లు గడవడం కష్టమా అని అడిగాడు.

"మాకేం తక్కువ లేదు సార్."

మొగుడి సంపాదన చాలదని బయటివాళ్ల ముందు అనకూడదని అమ్మ నేర్పింది. సరిగ్గానే మాట్లాడానని సంతోషమేసింది.

సాయంత్రం

సుష్మిత వస్తూనే అంది. "వదినా, ఎంక్వైరీకి వస్తరట. మస్తు గరీబోళ్లమని చెప్పు, జర సిగ్గుపడకు."

వచ్చి వెళ్లాడని నేను చెప్పలేదు.

24 సెప్టెంబర్

ఫ్రిజ్ కిందికి పోయింది. గచ్చు మీద దాని కాళ్ల తుప్పు మరకలు. ఎంత రుద్దినా పోవడం లేదు.

7 నవంబర్

స్కాలర్‌షిప్ రాలేదు. సొంత షాపు, ఫ్రిజ్, సోఫా ఉన్నాయని ఎంక్వైరీలో రాశారట. ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అద్దె ఆలస్యమైందన్న కోపంతో సీతాబాయమ్మే చెప్పిందని సుష్మిత పోట్లాటకు దిగింది.

"నా ఫ్రిజ్ నీదని నేనెందుకు చెప్తనే? నాకేమన్న పిచ్చి లేసిందా?" అని ఆమె. గది ఖాళీ చేయమంది కూడా.

నన్ను ఎవరూ అడగలేదు. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదని అందరికీ నమ్మకం.

10 నవంబర్

సుష్మిత చదువు ఆపి పంజగుట్టలో కాల్ సెంటర్‌లో చేరుతుందట. ఆయన అన్నం తినకుండా లేచారు. నేను సుష్మిత కంచంలో కూర ఎక్కువ వేశాను. గింతెందుకు వదినా అంది.

11 నవంబర్

ఇవాళ చెప్పాలి.

12 నవంబర్

చెప్పలేదు.

13 నవంబర్

పొద్దున తనకు జడ వేస్తూ వెనక నుంచి చెప్పేశాను. ముఖం చూడాల్సిన పని లేదని. తను వెనక్కి తిరగలేదు. నా చేతిలోంచి జడ లాక్కొని మిగతాది తనే అల్లుకుంది. రబ్బరు బ్యాండ్ వేసుకున్నాక అంది.

"నడువు. గా సార్‌కే చెప్దువు."

14 నవంబర్

చెప్పాను. స్కాలర్‌షిప్ ఆఫీసులో అందరూ వింటుండగా. మేం గరీబోళ్లం సార్, ఆ ఫ్రిజ్ ఓనరుది, షాపులో ఆయన జీతానికి పనిచేస్తారు అని. మాతో వచ్చిన మా ఆయన తలుపు దగ్గరే నిలబడి విన్నారు. సారు ఈసారి మేడం అనలేదు. సోమవారం మళ్లీ ఇల్లు చూడటానికి వస్తానన్నాడు.

16 నవంబర్, ఆదివారం

రేపు గది ఊడ్చాలా, వద్దా?