ఒకే సిమ్ మీద నిలబడాలనుకున్న నెల

జూలై 1, మంగళవారం

తెల్లారినప్పటి నుంచి ముసురు. నాట్లకు పోయే ఆడవాళ్ల ఆటోలు షక్కర్‌నగర్ రోడ్డు మీద వరసగా పోయాయి. నేను ఇంట్లోనే. తొమ్మిదికి కుర్చీలో కూర్చున్నాను, ఆరుకు లేచాను. ముప్పై నాలుగు ఫోన్లు ఎత్తాను. ఆసుపత్రి బిల్లుకు బీమా ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లే అందరూ.

ఆరేళ్లు ఇదే పని హైదరాబాదులో హాస్టల్ గదిలో ఉండి చేశాను. నా భార్య సుమన బోధన్ పక్క ఊళ్లో సర్కారు బడి టీచరు. కదలడానికి లేదు. వర్షకు ఎనిమిదేళ్లు. తండ్రి అంటే శనివారం వచ్చి ఆదివారం పోయే మనిషి అని దాని లెక్క.

ఇప్పుడు కంపెనీ ఒక నెల ఇంటి నుంచి చేసి చూపించమంది. షరతు: డ్యూటీలో పది నిమిషాలకు మించి నేను కనబడకపోతే ఒక గీత. మూడు గీతలు పడితే ఆగస్టులో మళ్లీ హైదరాబాదు. పడకపోతే ఇక్కడే, ఎప్పటికీ.

తీగ నెట్ మా వీధికి ఇంకా రాలేదు. సిమ్ నెట్టే దిక్కు. అందుకని తీర్మానం:

1. మూడు సిమ్‌లు పరీక్షించి ఒకటి ఎంచుకోవాలి.
2. ఎంచుకున్నాక నెలంతా మార్చకూడదు.
3. వేగం రోజుకు రెండుసార్లే చూడాలి.
4. ఎవరి సలహా వినకూడదు. ముఖ్యంగా మొబైల్ షాపు భూమేష్ సలహా.

కంపెనీల పేర్లు రాయను. పేరు రాస్తే పక్షపాతం వస్తుంది. మొదటిది, రెండోది, మూడోది. అంతే.

జూలై 3, గురువారం

పరీక్ష ముగిసింది. రెండోది గెలిచింది!

వేగం వంటింట్లో 3 ఎంబీపీఎస్. మంచం మీద 5. మంచం కింద 5 (ఎందుకు చూశానో తెలియదు). మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన 28!

చిన్న వైఫై డబ్బా కొన్నాను. అందులో రెండో సిమ్ వేసి, ట్యాంకు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కిందికి వైరు లాగాను. ఫోన్‌లో పాత నంబరు, అంటే మొదటి సిమ్, అలాగే ఉంది. ఆఫీసు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. దాని జోలికి పోనవసరం లేదు.

నేను మిద్దె ఎక్కి దిగడం చూసి అవ్వ, అంటే మా అమ్మ, అడిగింది.

"పొద్దటిసంది పదిసార్లు ఎక్కినవ్. మీద ఏమన్న దాసిపెట్టినవా భాను?"

"నా నౌకరి అంత మీదనే ఉందే అవ్వ."

"అయితే పైలంగ ఉంచు. కోతులు తిరుగుతున్నయ్."

జూలై 5, శనివారం

ఎండ వచ్చింది. నలభై ఒక్క ఫోన్లు. ఒక్కటీ తెగలేదు.

శనివారం సాయంత్రం ఆరుకు నేను ఇంట్లోనే ఉన్నాను. వర్ష సంచి కోసం వెతికింది. ప్రతి శనివారం నా సంచిలో ఏదో ఒకటి ఉంటుంది కదా. సంచి లేదు, నేనున్నాను అన్నాను. కొంచెం నిరాశపడింది. అలవాటవుతుంది.

వేగం పదకొండుసార్లు చూశాను. మొదటివారం కాబట్టి లెక్కలోకి రాదు.

జూలై 9, బుధవారం

11:10. జోరు వాన. నెట్ పోయింది.

11:12. లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాను.

11:17. ఇంకోసారి ఆపి ఆన్ చేశాను. సిమ్ కంపెనీకి ఫోన్ చేసి, వాన పడితే తప్పుకునే మీదీ ఒక కంపెనీయేనా అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. నేనూ అదే ఉద్యోగం చేస్తానని అప్పుడు గుర్తు రాలేదు.

11:30. అవ్వ కొంగుతో తల తుడుచుకుంటూ మిద్దె దిగింది.

"నీ డబ్బ ఖరాబ్ కాకుండ కప్పొచ్చిన. ఇగ కోతి రాదు, వాన రాదు."

"దేనితోని కప్పినవే?"

"పెద్ద స్టీల్ గంజు బోర్లిచ్చిన. మీద రాయి వెట్టిన."

వానలో మిద్దె ఎక్కాను. పెళ్లిళ్లలో పప్పు వండే గంజు. కిందికి నీటి చుక్క కూడా పోలేదు. నెట్ కూడా దూరలేదు. గంజు తీయగానే 26.

ఇరవై రెండు నిమిషాలు. మొదటి గీత. మా టీమ్ లీడర్ సింధూజ మేడం కారణం రాయమంది. "వాతావరణం" అని రాశాను. "మా అమ్మ" అని రాయలేకపోయాను.

జూలై 13, ఆదివారం

సెలవు. గాలికి తిరుగుతూ భూమేష్ షాపు ముందు నుంచి పోయాను. లోపలికి పోలేదు. అతనే పిలిచాడు.

"భానన్నా! ఏం నడుపుతున్నవ్?"

చెప్పాను.

"అది గల్లీలల్ల మంచిగనే ఉంటదన్నా. చేన్లల్ల, తొవ్వల సిగ్నల్ గుంజదు. నువ్వు తిరిగే మనిషివి, తోడు ఒకటి ఉండాలె."

నేను తిరిగే మనిషిని కాను. తిరగకుండా ఉండటానికే ఈ తిప్పలు. అయినా మూడో సిమ్ తీసుకున్నాను. ఇది మార్చడం కాదు. తోడు. రెండో నియమంలో తోడు గురించి ఏమీ లేదు.

నా పర్సు మీది కొత్త సిమ్ కాగితం చూసి సుమన, "ఇదేంది?" అంది. తోడు అన్నాను. "దేనికి తోడు?" అంది. పిల్లకు అన్నం పెట్టడానికి లేచిపోయింది. జవాబు అవసరం లేకపోయింది.

జూలై 18, శుక్రవారం

ఒప్పుకుంటున్నాను. ఇవాళ ఇంట్లోనే కూర్చుంటే సరిపోయేది.

రెంజల్ దగ్గర మా మామ బాపురావు చేనులో కొత్త బోరు వేస్తున్నారు. నీళ్లు పడితే మేక కోస్తారు. సుమన సెలవు పెట్టింది. నేను ఎందుకు పోయానంటే, ప్రయాణంలో కూడా పని చేయగలనని కంపెనీకి చూపిద్దామని. మేక సంగతి తర్వాత.

డబ్బాలో మూడో సిమ్ వేశాను. ఊరు మారినప్పుడు సిమ్ మారిస్తే మార్చినట్టు కాదు.

9:00. మామ ఇంటి వసారాలో నెట్ 1. మామ ఊరు మహారాష్ట్ర అంచుకు ఉంటుంది. నన్ను మరాఠీలో జావయ్ అంటాడు. అంటే అల్లుడని.

"జావయ్, గట్టు మీదికి పో. ఆడ అవుతలోళ్ల టవర్ మంచిగ వస్తది. మా పోరగాండ్లందరు ఆడనే సినిమాలు సూస్తరు."

10:20. గట్టు మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాను. నిజంగానే 35! ఫోన్‌కు మహారాష్ట్రకు స్వాగతమని సందేశం. ఎడమవైపు జరిగితే తెలంగాణకు స్వాగతం. అరగంటలో రెండు రాష్ట్రాలు నన్ను ఏడుసార్లు స్వాగతించాయి.

11:45. బోరు లారీ మొదలైంది. కరీంనగర్ నుంచి ఒక పెద్దామె, భర్త ఆపరేషన్ బిల్లు గురించి. నేను వివరంగా చెబుతున్నాను.

"సార్, మీ ఆఫీసుల బోరేస్తున్నరా?"

"లేదమ్మా, పక్కన పని జరుగుతుంది."

"ఎన్ని ఫీట్లయింది సార్?"

"నూట ఎనభై."

"మా తాన మూడొందలకు గాని పడలే. ధైర్యంగ ఉండుండ్రి."

ఆమెకు ధన్యవాదాలు చెప్పేలోపు నెట్ పోయింది. డబ్బాకు ఏ రాష్ట్రంలో ఉండాలో తేలలేదు. అది తేల్చుకోవడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. అప్పటిదాకా డబ్బా ఎత్తి పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ నడిచాను. బోరు దగ్గరివాళ్లు పని ఆపి చూశారు.

రెండో గీత.

బోరులో రెండువందల నలభై అడుగులకు నీళ్లు పడ్డాయి. మేక కోశారు. అందరూ సంతోషంగా తిన్నారు. నేనూ తిన్నాను.

తిరుగు దారిలో సుమన బస్సు కిటికీ వైపు చూస్తూ అంది: "ఇంక పదమూడు దినాలు. ఒక్కటి కూడ పడొద్దు. రెండో సిమ్ ఏసి ఇడిసిపెట్టు. ఇగ ముట్టకు."

ముట్టనన్నాను.

జూలై 24, గురువారం

ఆరు రోజులు. ఒక్క తెగుడు లేదు. రెండో సిమ్ డబ్బాలోనే ఉంది. వేగం 12. ఎక్కువ కాదు, తక్కువ కాదు. నా పనికి 4 చాలు.

వర్ష బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని ఆరయ్యేదాకా హోంవర్క్ చేస్తోంది. ఆరుకు పుస్తకం తెచ్చి నా ఒళ్లో వేస్తుంది. ఇవాళ పన్నెండో ఎక్కం. నాకే సరిగ్గా రాలేదు.

సుమన నా కోసం అటక మీది పాత టేబుల్ దింపించింది. వైరు నేల మీద ఉండకుండా గోడకు మేకులు కొట్టింది. ఉండిపోయే మనిషికి చేసే పనులు అవి.

జూలై 26, శనివారం

నిష్కారణంగా భూమేష్ షాపుకు పోయాను. నిజానికి మా పక్కింటి లింబయ్య సారు తన ఫోన్‌లో 42 వస్తుందని పొద్దున గోడ మీంచి చూపించాడు. ఆయన రిటైరైన మనిషి. 42 పెట్టుకుని ఆయన ఏం చేస్తాడు? పొద్దున పేపరు చదువుతాడు, మధ్యాహ్నం పడుకుంటాడు.

"లింబయ్య సారుది మూడోదన్నా," అన్నాడు భూమేష్. "నీ ఫోన్ల ఇంకా మొదటిదే ఉందా? గది ఎవరన్న వాడుతరా? పోర్ట్ పెడుత ఇయ్యి. నంబర్ గదే ఉంటది, కంపెనీ మారుతది."

"నడుమ బంద్ అవుతదా?"

"ఏం గాదు. మూడు నాలుగు దినాలకు రాత్రిపూట మారుతది. నువ్వు లేచేసరికి ఖతం."

ఆలోచించాను. డబ్బాలో సిమ్‌ను ముట్టవద్దని కదా సుమన అంది. ఇది ఫోన్‌లోది. తీర్మానం కూడా నెట్ సిమ్ గురించే. వేలిముద్ర పెట్టాను.

సుమనకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం కాదు.

జూలై 30, బుధవారం

మబ్బుగా ఉంది, వాన లేదు. ఇంకా ఒక్కరోజే.

1:00. అన్నానికి లేచాను. నెట్ 31! ఈ నెలలో ఇంత ఎప్పుడూ రాలేదు.

1:30. తిరిగొచ్చి కూర్చున్నాను. ఆఫీసు తెర ఓటీపీ అడిగింది. అన్నం తర్వాత ప్రతిరోజూ అడుగుతుంది.

1:32. ఓటీపీ రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేవు.

1:33. అర్థమైంది. నంబరు మొదటి కంపెనీని వదిలేసింది. మూడో కంపెనీకి ఇంకా చేరలేదు. నడిమధ్య ఎక్కడో ఉంది. రాత్రిపూట కాదు, పట్టపగలు.

1:36. భూమేష్ షాపుకు ఉరికాను. కొత్త సిమ్ వేశాడు. "అన్నా, గిట్ల పగటీలి ఎప్పుడు కాలే," అన్నాడు. "రెండు మూడు గంటలు ఆగాలె."

1:50. ఇంటికొచ్చి అవ్వ ఫోన్ నుంచి సింధూజ మేడానికి చేశాను.

"భానుగారూ, మీ నెట్ పోయిందా?"

"నెట్ బాగుంది మేడం. ముప్పై ఒకటి వస్తుంది."

"మరి లాగిన్ కాలేదేం?"

"ఓటీపీ నంబరు పోర్ట్ పెట్టాను మేడం."

"డ్యూటీ ఉన్నప్పుడా? ఎందుకండీ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వాతావరణం కూడా లేదు.

4:15. నంబరు వచ్చింది. మూడో గీత అప్పటికే పడింది. ఆరుదాకా పని చేశాను. పంతొమ్మిది ఫోన్లు.

సుమన బడి నుంచి వచ్చాక చెప్పాను. చెప్పులు విప్పుతూ విన్నది.

"నెట్ తెగిందా?"

"తెగలే."

"మరి?"

"ఫోన్ల సిమ్ మార్చిన."

"నడుస్తుండెనా అది?"

"నడుస్తుండె."

"నడుస్తుంటె ఎందుకు ముట్టినవ్?"

లింబయ్య సారుకు 42 వస్తుందని చెప్పాను. సుమన గోడ అవతలికి చూసింది. లింబయ్య సారు పడక్కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"వర్షకు నువ్వే చెప్పు," అంది.

జూలై 31, గురువారం

వర్షకు చెప్పాను. "మల్ల శనివారం వస్తవా?" అంది. వస్తానన్నాను. "సంచి తెస్తవా?" అంది. తెస్తానన్నాను. పదమూడో ఎక్కం అప్పజెప్పింది. తప్పు లేదు.

అవ్వ మాత్రం మూడు గీతల్లో ఒకటి తనది కాబట్టి కంపెనీతో తనే మాట్లాడతానంది. "ముసల్దానికి తెల్వదని చెప్త" అంది. మిగతా రెండూ నేను తెలిసే చేశానని చెప్పాను.

ఆగస్టు 3, ఆదివారం

ఉక్కపోత. పొద్దున మిద్దె మీది డబ్బా దింపాను. బట్టలు సర్దాను.

బోధన్ బస్టాండులో రాస్తున్నాను. సుమన, వర్ష సాగనంపడానికి వచ్చారు. మూడు నెలలు ఆఫీసులో చేస్తే నవంబరులో మళ్లీ అడగవచ్చని సింధూజ మేడం అంది. కాబట్టి కొత్త తీర్మానం, ఇవాళ్టి నుంచే:

1. ఉన్న సిమ్‌లు ఉన్నట్టే ఉంటాయి.
2. వేగం చూసే యాప్ తీసేశాను.
3. ఎవరినీ ఏమీ అడగను.

2:10. బస్సులో పక్క సీటాయన ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తోంది. వేల్పూర్ ఆయనట. పసుపు వ్యాపారం. ఏ సిమ్ అని అడిగాను. నాలుగోదట! నేను ఇంతవరకు చూడనిది. దారంతా వస్తుందట.

ఇది నవంబరుకు పనికొచ్చే సమాచారం. అడిగినట్టు కాదు.

మబ్బు కమ్ముతోందని, మిద్దె మీద బట్టలున్నాయని సుమన, వర్ష 2:25కు వెళ్లిపోయారు. బస్సు 2:40కి కదిలింది.