ఆ పెట్టెలు తిప్పి పంపేశాను

మెలెనైతే వదినా,

కొబ్బరిపాలలో ఉడికించిన చేప పొయ్యి మీదుంది. చేమదుంపలు గంపలో ఉన్నాయి, గుడ్డ తీయకండి. సాయంత్రం చర్చిలో మీ తమ్ముడి పేరిట పెట్టే భోజనానికి ఇవే వెళ్తాయి. మీరు తెప్పించిన టిన్ను మాంసం పెట్టెలు కొట్టుకు తిప్పి పంపేశాను.

"పోయినవాడి పేరు మీద చేపముక్కలా? ఊరంతా నవ్వదుటే!" అన్నారు నిన్న. నవ్వనివ్వండి. మన టోంగాలో పిల్లల మేనత్త మాటకు ఎదురుండదని తెలుసు. అయినా ఎదురు చెబుతున్నాను.

ఇరవై ఏళ్లు ఆయన ఆ టిన్నుల్లోని కొవ్వూ ఉప్పూనే తిన్నారు. చివరికి ప్రతి చిన్నదానికీ కసురుకునేవారు. పదిమందికీ తానే నేర్పిన కీర్తన మధ్యలో మరచి నిలబడిపోయేవారు. ఆ మతిమరుపుకు తిండి ఒక్కటే కారణం కాదన్నాడు డాక్టరు, కానీ దాని వంతు ఉందన్నాడు. ఆ వంతు నా చేత్తో మళ్లీ వడ్డించను.

బడికి వెళ్తున్నాను.

కేసాయా

మరొక్క మాట. ఈమధ్య మీరూ మేనకోడలి పేరు కోసం తడుముకుంటున్నారు. మీకు విడిగా గిన్నెలో పెట్టాను. కోపంగానైనా తినండి. నన్ను పేరు పెట్టి తిట్టడానికైనా నా పేరు మీకు గుర్తుండాలి.