శామీర్‌పేట శాఖ అధ్యక్షుడికి

గౌరవనీయ అధ్యక్షా, ఒరేయ్ మల్లేశూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇటలీలో ఆ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు శామీర్‌పేటలో ఉన్న ఇద్దరు అభిమానుల్లో నేనొక్కణ్ణే మిగిలాను. దివాలా తీసి మూతపడిన మన క్లబ్బు, నువ్వన్నట్టే, అట్టడుగు లీగులో మళ్లీ మొదలైంది. పొద్దున ఆ కబురు తెలిశాక చెరువు కట్ట మీద పొగమంచులో ఆ ఊరి కొండలు కనబడ్డట్టే అనిపించింది. నేరుగా మీ అవ్వ దగ్గరికెళ్లి చెప్పాను.

"సచ్చిపోయిందంటిరి గదరా! మల్లెట్ల లేసింది?"

"ఇంతకుముందు గూడ రెండుసార్లు లేసిందవ్వా. గా ఊరోళ్లు ఇడువరు."

"రంగు గదేనా?"

"గదే పసుపు."

అవ్వ పెట్టెలోంచి నీ జెర్సీ తీసి, చీర మీదే తొడుక్కుని, నా ఫోన్ ముందు కూర్చుంది.

"ఇగ పెట్టు ఆట."

మన అభిమాన సంఘంలో మళ్లీ ఇద్దరమయ్యాం. అధ్యక్ష పదవికి మాత్రం ఎన్నిక పెట్టం.

ఇట్లు,
నీ కార్యదర్శి